చీకటి మిస్టరీ గేమ్‌ను వాక్‌త్రూ చూడకుండా పూర్తి చేయడం ఎలా?

పాయింట్ అండ్ క్లిక్ తరహా మిస్టరీ గేమ్‌లో పరుగులు, కాల్పులు ఉండవు. ఒక గది, ఆ గదిలో కొన్ని వస్తువులు, తెర మీద కదిలే ఒక కర్సర్, ఎప్పుడో జరిగిపోయిన ఒక ఘోరం, అంతే ఉంటాయి. వేళ్ల వేగంతో పని లేదు కనుక ఇది తేలికైన ఆట అనుకొని మొదలుపెట్టినవారు చాలామంది రెండో గదిలోనో మూడో గదిలోనో ఆగిపోయి, గేమ్‌ను అడుగడుగునా ఎలా ఆడాలో చెప్పే వాక్‌త్రూ వెతికి పట్టుకొని, అందులో రాసింది రాసినట్టు క్లిక్ చేసుకుంటూ పోతారు. అలా ముగించిన గేమ్‌లో హంతకుడెవరో తెలుస్తుంది కానీ, ఆ సంగతిని మనంతట మనమే పసిగట్టే క్షణం చేజారిపోతుంది. ఈ తరహా గేమ్‌లు ఏళ్ల తరబడి ఆడిన మీదట నాకు అర్థమైనదేమిటంటే, ఆగిపోవడంలో మూడు రకాలున్నాయి, మనది ఏ రకమో తేల్చుకోగలిగితే సగం దారి దొరికినట్టే. ఆ తేల్చుకోవడానికి అవసరమైన ఏర్పాట్లన్నీ గేమ్ మొదటి గంటలోనే చేసుకోవాలి. అందుకే అక్కడి నుంచే ప్రారంభిద్దాం.

ముందుగా గేమ్ ఎంపిక

ఆడబోయే గేమ్ ఏ కాలానిదో చూసుకోవడం మొదటి పని. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు యాపిల్ టూ కంప్యూటర్ కోసం మిస్టరీ హౌస్ అనే గేమ్ చేసినప్పుడు తెర మీద గీతల బొమ్మలు మాత్రమే ఉండేవి. ఏం చేయాలో ఆటగాడు మాటల్లో టైపు చేయాలి. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ రూపొందించిన మేనియాక్ మ్యాన్షన్‌లో క్రియాపదాలు తెర కిందిభాగంలో వరుసగా కనిపించేవి. ‘తెరువు’ అన్న మాట మీద, ఆ తర్వాత తలుపు మీద క్లిక్ చేస్తే సరిపోయేది. ఇప్పటి గేమ్‌లలో ఆ మాటలు కూడా పోయి ఒక్క క్లిక్కే మిగిలింది.

ఈ చరిత్రతో మనకేం పని అంటారా? గేమ్ ఎంత పాతదైతే ఆటగాడి మీద దాని కనికరం అంత తక్కువ. 1990లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ ఐదో భాగంలో ఒకచోట ఎలుకను పిల్లి తరుముతుంది. ఆ క్షణంలో పాత బూటు లాంటి తగిన వస్తువును పిల్లి మీదికి విసిరి ఎలుకను కాపాడకపోతే గేమ్ ఏమీ అనదు, కథ మామూలుగానే సాగిపోతుంది. చాలాసేపటి తర్వాత నేలమాళిగలో మిమ్మల్ని కట్టి పడేసినప్పుడు ఆ తాళ్లు కొరకడానికి ఎలుక రాదు, మీ ఆట అక్కడితో సరి. ఇలాంటి పద్ధతులను తప్పుపడుతూ రాన్ గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసం రాశారు, క్రమంగా చాలామంది రూపకర్తలు ఆ దారికే వచ్చారు. అందువల్ల మొదటిసారి ఆడేవారు గత పదిహేనేళ్లలో వచ్చిన గేమ్‌నే ఎంచుకోవడం మంచిది. 2015లో మొదలైన క్యూబ్ ఎస్కేప్ గేమ్‌లు చిన్నవి, ఒక్కో గేమ్‌ను ఒకే బిగిన పూర్తి చేయవచ్చు, చేయి తిప్పుకోవడానికి అంతకంటే మంచివి లేవు. నిదానంగా సాగే అసలు సిసలు దర్యాప్తు కావాలనుకుంటే, జేన్ జెన్సెన్ 1993లో చేసిన గేబ్రియల్ నైట్ మొదటి భాగం నేటికీ నిలబడే గేమ్. న్యూ ఆర్లీన్స్ నగరంలో, వూడూ అనే తాంత్రిక ఆచారంతో ముడిపడి జరిగే హత్యల చుట్టూ దాని కథ నడుస్తుంది. అంత పాత గేమ్‌లు నేటి కంప్యూటర్లలో నేరుగా తెరుచుకోకపోతే, గేమ్ ఫైళ్లు మీ దగ్గర ఉన్నంతవరకు స్కమ్‌వీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిలో చాలావాటిని నడిపిస్తుంది.

‘చీకటి’ అన్న మాటను కూడా తేలికగా తీసుకోకండి. ఈ కోవలోని గేమ్‌లలో రక్తం కంటే బరువైన విషయాలుంటాయి: పసిపిల్లలపై హింస, ఆత్మహత్య, మతి చలించినవారి లోకం. 2015లో వచ్చిన ఫ్రాన్ బో అనే గేమ్‌లో బొమ్మలు చిన్నపిల్లల పుస్తకంలోలా ముద్దుగా ఉంటాయి, కథ మాత్రం తల్లిదండ్రుల హత్యను కళ్లారా చూసిన ఒక పాపను మానసిక చికిత్సాలయంలో పెట్టడంతో మొదలవుతుంది. బొమ్మల్ని చూసి పిల్లల చేతికి ఇవ్వదగిన గేమ్ కాదది. ఏ గేమ్ ఏ వయసువారికి తగినదో చెప్పే పెగీ లేదా ఈఎస్‌ఆర్‌బీ సంస్థల వయసు గుర్తు గేమ్ మీద ఏముందో, దాని పక్కన ఏ కారణాలు రాశారో కొనే ముందే చదవండి.

తెర, వెలుతురు, శబ్దం

చీకటి గేమ్‌లో సగం ఆధారాలు నీడల్లోనే ఉంటాయి. గేమ్ మొదట్లో ‘ఈ గుర్తు లీలగా కనిపించేవరకు వెలుతురు సరిచేసుకోండి’ అని అడిగితే తొందరపడి దాటేయకుండా, మీరు ఏ గదిలో, ఏ వేళ ఆడబోతున్నారో ఆ గదిలో, ఆ వేళే సరిచేసుకోండి. పగటి వెలుతురులో సరిచేసిన తెర రాత్రికి పనికిరాదు. మీ వెనుక ఉన్న దీపం తెరలో ప్రతిఫలిస్తుంటే ఆర్పేయండి, కానీ గదిని పూర్తిగా చీకటి చేసి, తెర వెలుతురును తారస్థాయికి పెంచి మాత్రం ఆడకండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్లగా మెరిసే తెర ఆ అలవాటును పదేపదే చెడగొడుతూనే ఉంటుంది.

ఇక్కడ నా సొంత అవస్థ ఒకటి చెప్పాలి. మందుల బీరువాలోని సీసాలను రంగుల వరుసలో పేర్చవలసిన ఒక పజిల్ దగ్గర నేను రెండు రాత్రులు కూర్చున్నాను. నీలం సీసా, ఆకుపచ్చ సీసా నాకు ఒకేలా కనిపించేవి, ఎన్నిసార్లు పేర్చినా తలుపు తెరుచుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం అదే తెర చూస్తే రెండు రంగులూ స్పష్టంగా విడివిడిగా ఉన్నాయి. రాత్రి పదింటికి దానంతటదే మొదలై తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ సదుపాయాన్ని ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయిన ఘనుడిని నేనే. రంగులతో పని ఉన్న గేమ్ ఆడేటప్పుడు దాన్ని ఆపేయండి. రంగుల తేడా సహజంగానే తెలియనివారు సెట్టింగులలో రంగుల బదులు గుర్తులు చూపే సదుపాయం ఉందేమో ముందే చూసుకోవాలి.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి అంటాను. 1993లో వచ్చిన మిస్ట్ గేమ్‌లో ఒకచోట భూగర్భంలోని చిక్కుదారిలో ఎటు తిరగాలో చెప్పేది శబ్దమొక్కటే, ఒక్కో దిక్కుకు ఒక్కో రకం చప్పుడు ఉంటుంది. అది గమనించనివారు ఆ సొరంగాల్లో ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటారు. సబ్‌టైటిల్స్ కూడా పెట్టుకోండి, ఎందుకంటే పేర్లు, ఊర్లు, తేదీలు చెవికి ఒకలా వినిపించి రాతలో మరోలా ఉండవచ్చు, పజిల్‌కు కావలసింది రాతలో ఉన్నదే.

మొదటి గదిలో అరగంట

గేమ్ మొదలైన వెంటనే ముందుకు పోవాలని మనసు తొందర పెడుతుంది. మొదటి గదిలో అరగంట కూర్చోండి. ఆ అరగంట కథ కోసం కాదు, ఈ గేమ్ భాష నేర్చుకోవడానికి. ఏ వస్తువు మీద కర్సర్ రూపం మారుతోంది? చూడడానికి ఒక గుర్తు, తీసుకోవడానికి మరో గుర్తు ఉన్నాయా? ఒకే వస్తువు మీద రెండోసారి క్లిక్ చేస్తే కొత్త మాట చెబుతోందా, పాతదే వల్లిస్తోందా? తీసుకోవలసిన వస్తువులు మిగతా వాటికంటే కాస్త ముదురు గీతలతో గీశారా? ఈ ప్రశ్నలకు జవాబులు గేమ్ అంతటికీ వర్తిస్తాయి. రెండోసారి క్లిక్ చేస్తే కొత్త మాట చెప్పే గేమ్ అని మొదటి గదిలోనే తెలిసినవారు, పదో గదిలో సొరుగును ఒక్కసారి తెరిచి చూసి వదిలేయరు.

క్లిక్ చేయదగిన చోట్లన్నింటినీ ఒక్కసారిగా వెలిగించి చూపే మీట చాలా గేమ్‌లలో ఉంటుంది, సాధారణంగా అది స్పేస్‌బార్ గానీ ట్యాబ్ గానీ అవుతుంది. దాన్ని వాడడం తొండి అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తెర మీద అంగుళం అంగుళం కర్సర్ పాకించడం దర్యాప్తు అనిపించుకోదు. అయితే గదిలోకి అడుగుపెట్టగానే ఆ మీట నొక్కకండి. ముందు కళ్లతో చూసి, ఏది వింతగా ఉందో మీలో మీరు అనుకొని, ఆ తర్వాతే నొక్కి సరిచూసుకోండి. ఫోన్‌లోనో ట్యాబ్లెట్‌లోనో ఆడేటప్పుడు కర్సరే ఉండదు కనుక, రూపం మారి చెప్పే ఆ చిన్న సూచన కూడా పోతుంది. అక్కడ ఈ సదుపాయం మరింత అవసరం.

సేవ్ విషయంలో ఒక్క మాట: ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ రాయకుండా, కొత్త చోటికి వెళ్లే ముందల్లా కొత్త పేరుతో సేవ్ చేయండి.

నోట్‌బుక్: చూసింది, విన్నది, అనుకున్నది

మిస్ట్ మొదట పెట్టెలో అమ్ముడైన రోజుల్లో ఆ పెట్టెలోనే ఒక ఖాళీ నోట్‌బుక్ ఉండేది. మీరూ ఒకటి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు తీస్తే చాలు కదా అనిపిస్తుంది. గుర్తులు, పటాలు, పొడవాటి ఉత్తరాల వరకు అవి మంచివే. కానీ స్క్రీన్‌షాట్ తీసినవాడు మళ్లీ చూడడు, చేత్తో రాసినవాడు రాస్తున్నప్పుడే ఒకసారి ఆలోచిస్తాడు.

పేజీని మూడు భాగాలుగా గీయండి. మొదటి దానిలో మీరు కళ్లతో చూసింది, రెండో దానిలో పాత్రలు చెప్పింది, మూడో దానిలో మీరు ఊహించింది రాయాలి. ఈ మూడింటినీ కలిపేయడమే మిస్టరీ గేమ్‌లలో జరిగే అతిపెద్ద పొరపాటు. ఎలాగో ఒక గదిని ఊహించుకొని చూద్దాం.

మూతపడిన ఒక శానిటోరియంలో వైద్యుడి గది. బల్లకు నాలుగంకెల తాళం వేసిన సొరుగు ఉంది. ఎడమ గోడ మీద ఆగిపోయిన గడియారం 4:20 చూపుతోంది. బల్ల మీది పాత ఫొటోలో వైద్యుడు ఇదే గదిలో నిలబడి ఉన్నాడు. కుడి గోడ మీద కాగితం అంతా వెలిసిపోయింది, నడుమ గుండ్రంగా ఒక్క చోట మాత్రం రంగు తాజాగా ఉంది. బయట వరండాలో ముసలి నర్సు, ‘ఆయన పోయాకే ఎవరో ఆ గడియారాన్ని ముట్టుకున్నారు’ అంటుంది.

నాలుగంకెల తాళం, ఆగిన గడియారం ఒకే గదిలో కనిపించగానే ఎవరైనా 0420 తిప్పుతారు. తెరుచుకోదు. 1620 తిప్పుతారు, అదీ కాదు. అప్పటి నుంచి గంటసేపు ఆ గడియారం చుట్టే తిరుగుతారు. ఇప్పుడు పేజీ చూడండి. ‘చూసింది’ కింద: గడియారం 4:20, కుడి గోడ మీద గుండ్రటి మచ్చ, ఫొటోలో వైద్యుడి వెనుక గడియారం. ‘విన్నది’ కింద: ఆయన పోయాక గడియారాన్ని ఎవరో ముట్టుకున్నారు. ‘అనుకున్నది’ కింద: ఆయన చనిపోయిన సమయం 4:20. ఆ మూడో మాట మనకు గేమ్ చెప్పలేదు. ఎన్నో కథలలో చూసిన అలవాటు కొద్దీ మనమే చేర్చుకున్నాం, పైగా నర్సు మాట దానికి అడ్డంగా నిలుస్తోంది. దాన్ని కొట్టేసి ఫొటోను మరోసారి చూస్తే, అందులో గడియారం ఉన్నది ఎడమ గోడ మీద కాదు, కుడి గోడ మీద! గుండ్రటి మచ్చ దాని చోటే. గడియారం ఏ సమయం చూపుతోంది అన్నది కాదు, ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది అన్నదే ఆధారం. మచ్చ మీద క్లిక్ చేస్తే గోడ కాగితం చిరిగి, వెనుక ఉన్న చిన్న గూడు బయటపడుతుంది. సొరుగు తాళం అంకెలు ఆ గూటిలోని కాగితం మీద ఉండవచ్చు, లేదా ఆ సొరుగుతో మీకు ఇప్పట్లో పనే ఉండకపోవచ్చు.

నోట్‌బుక్‌లో మరో పేజీని ‘తెరుచుకోనివి’ కోసం కేటాయించండి. తాళం పడిన తలుపులు, అందని అర, వెలగని దీపం, సమాధానం చెప్పని పాత్ర, ఇలా ప్రతి అడ్డంకినీ అది ఉన్న చోటుతో సహా రాసుకోండి. కొత్త వస్తువు చేతికి వచ్చిన ప్రతిసారీ ముందుగా చదవవలసింది ఆ పేజీనే.

పాత్రలతో మాట్లాడే తీరు

సంభాషణలో కనిపించే అంశాలన్నింటినీ అడిగేయండి, మొహమాటం వద్దు. అన్నీ అడిగాక కూడా పని అయిపోయినట్టు కాదు. కొత్త వస్తువు దొరికినప్పుడు, కొత్త పేరు తెలిసినప్పుడు, ఎవరైనా చనిపోయినప్పుడు పాత పాత్రల దగ్గరికి తిరిగి వెళ్లి చూడాలి, కొత్త ప్రశ్నలు పుట్టుకొస్తాయి. గేబ్రియల్ నైట్ మొదటి భాగంలో నాయకుడి దగ్గర ఒక టేప్ రికార్డర్ ఉంటుంది, విచారణలో విన్న మాటలను దానిలో మళ్లీ వినవచ్చు. అలాంటి సదుపాయం లేని గేమ్‌లో ఆ పని మీ నోట్‌బుక్ చేస్తుంది. ముఖ్యంగా ఒకే సంఘటనను ఇద్దరు చెప్పిన తీరులో తేడా ఉంటే, వారి మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. సారాంశం రాసుకుంటే తేడా అందులోనే మాయమైపోతుంది. చీకటి గేమ్‌లలో అబద్ధం చెప్పేది ఎదుటి పాత్ర మాత్రమే కాదు, మీరు నడిపిస్తున్న పాత్ర కూడా కావచ్చు. నాయకుడు ఒక గది గురించి పదేపదే ‘అక్కడికి వెళ్లవలసిన పని లేదు’ అంటుంటే దాన్ని ‘విన్నది’ కింద రాసుకోండి కానీ ‘చూసింది’ కింద రాయకండి.

ఇన్వెంటరీ, తాళాలు

ఇన్వెంటరీ అంటే ఆటలో మీరు పోగు చేసుకున్న వస్తువుల సంచి. ఏమీ తోచనప్పుడు అందులోని ప్రతి వస్తువునూ ప్రతి వస్తువుతో కలిపి చూడడం అందరూ చేసేదే. లెక్క వేసి చూడండి. చేతిలో 12 వస్తువులుంటే వాటిని జతలుగా కలపడానికి 66 అవకాశాలు, గదిలో 20 క్లిక్ చోట్లుంటే వాటి మీద వాడి చూడడానికి మరో 240. ఇది ఒక్క గదికి. ఇంత శ్రమ పడి తలుపు తెరిచినా, ఎందుకు తెరుచుకుందో మీకు తెలియదు. తర్వాతి పజిల్ ఆ ‘ఎందుకు’ మీదే ఆధారపడి ఉండవచ్చు. దీనికి బదులు ప్రతి వస్తువునూ దగ్గరగా తెరిచి చూడండి, తిప్పి చూసే వీలుంటే వెనుక వైపు చూడండి. కథనంలో దాన్ని ఏ మాటతో పిలిచారో గమనించండి. ‘కత్తి’ అనకుండా ‘మొద్దుబారిన కత్తి’ అన్నారంటే ఎక్కడో సానరాయి ఉందన్నమాట.

అంకెల తాళాల విషయంలో మాత్రం నేను అంత పట్టుదల చూపను. ఏమీ తెలియకుండా నాలుగంకెల తాళాన్ని తిప్పుతూ కూర్చుంటే 10,000 అవకాశాలు, అది పిచ్చి పని. మూడు అంకెలు, వాటి స్థానాలు తెలిసి నాలుగోది తెలియకపోతే పది ప్రయత్నాలు చాలు. వేర్వేరు అంకెలు నాలుగూ తెలిసి వరుస తెలియకపోతే 24 చాలు. ఆ మాత్రం దర్యాప్తు మీరు చేసే ఉన్నారు కనుక మిగిలింది నిస్సంకోచంగా తిప్పి చూసుకోవచ్చు.

ఆగిపోయినప్పుడు

అరగంట దాటినా కొత్తగా ఏమీ జరగకపోతే క్లిక్ చేయడం ఆపండి. ఇప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న ‘ఏం చేయాలి’ అన్నది కాదు, ‘నేను ఏ రకంగా ఆగిపోయాను’ అన్నది.

మొదటి రకం, చూడవలసింది చూడకపోవడం. ‘తెరుచుకోనివి’ పేజీ నిండుగా ఉండి, చేతిలో వస్తువులేవీ లేకపోతే ఇదేనని గట్టిగా అనుకోవచ్చు: అడ్డంకులు తెలుసు, వాటికి కావలసినవే దొరకలేదు. అప్పుడు ఆలోచించి లాభం లేదు, నడవాలి. మొదటి గది నుంచి వరుసగా ప్రతి గదికీ వెళ్లి, తెర అంచులు చూడండి, ఎందుకంటే కొత్త చోటికి దారి చాలాసార్లు తెర కింది అంచులోనే ఉంటుంది. దగ్గరగా చూసే వీలున్న ప్రతి వస్తువునూ మళ్లీ తెరవండి. కొన్ని గేమ్‌లలో ఒకే గదికి రెండు రూపాలుంటాయి. ఫ్రాన్ బోలో పాప మాత్ర వేసుకుంటే అదే గది భయంకరంగా మారి, మామూలు కంటికి కనిపించని గుర్తులు, ఆకారాలు బయటపడతాయి. అలాంటి గేమ్‌లో గదిని ఒక్క రూపంలో చూసి వదిలేస్తే సగమే చూసినట్టు.

రెండో రకం, చూసినా అర్థం కాకపోవడం. చేతిలో వస్తువులూ ఉన్నాయి, పేజీ నిండా గుర్తులూ ఉన్నాయి, అడ్డంకులూ తెలుసు, కానీ ఒకదానితో ఒకటి అతకడం లేదు. ఇక్కడ నడిచి లాభం లేదు, కూర్చోవాలి. గేమ్ మూసేసి నోట్‌బుక్ మాత్రమే ముందు పెట్టుకోండి. ‘అనుకున్నది’ భాగంలోని ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. ఆధారం దొరకని వాక్యాన్ని కొట్టేయండి. తర్వాత, తాళం ఆకారాన్ని పట్టించుకోండి: మీట మీద నాలుగు బొమ్మలున్నాయంటే నాలుగు బొమ్మలున్న ఆధారం కోసం, ఐదు రంగులుంటే ఐదింటి వరుస కోసం వెతకాలి. పజిల్‌లో ఎన్ని భాగాలున్నాయో ఆధారంలో కూడా అన్నే ఉండడం రూపకర్తలు సాధారణంగా తప్పని నియమం. గోడ మీద ఏడు పక్షులుండి తాళంలో ఆరు మీటలుంటే, ఏడింటిలో ఒకటి మిగతావాటిలా ఉండదు, దాన్ని పట్టుకోండి. అప్పటికీ తెగకపోతే పడుకోండి. ఇది సలహా కాదేమో అనిపిస్తుంది కానీ, రాత్రంతా కుస్తీ పట్టిన పజిల్ పొద్దున్నే ఐదు నిమిషాల్లో తెగడం ఈ గేమ్‌లు ఆడేవారందరికీ అనుభవమే.

మూడో రకం కాస్త చిరాకు పెడుతుంది. మీరు చూశారు, అర్థం చేసుకున్నారు, జవాబూ సరైనదే, అయినా గేమ్ ఒప్పుకోవడం లేదు. కారణం వరుస. గేమ్ కొన్ని పనులను ఒక క్రమంలో జరగాలని కట్టుదిట్టం చేసి ఉంటుంది, కానీ ఆ సంగతి పైకి చెప్పదు. గేబ్రియల్ నైట్ మొదటి భాగం పది రోజులుగా సాగుతుంది. ఏ రోజైనా ఆ రోజు జరగవలసిన ముఖ్యమైన పనులన్నీ అయితేనే ముగుస్తుంది. ఒక్క ఫోన్ కాల్ మిగిలిపోయినా మర్నాడు రాదు. ఇలాంటప్పుడు మీ జవాబును అనుమానించకుండా, దానికి ముందు నాయకుడికి తెలియవలసినదేమిటని ఆలోచించండి. మీకు తెలిసింది నాయకుడికి తెలిసి ఉండాలన్న నియమం లేదు. ఉత్తరంలోని సంగతి మీరు స్క్రీన్ మీద చదివేసి ఉండవచ్చు, కానీ నాయకుడు దాన్ని దగ్గరగా తెరిచి, చివరి పేజీ వరకు తిప్పి, దాని గురించి ఒక మాట అనేంతవరకు గేమ్ లెక్కలో అది చదవనట్టే. ఈ రకంలో ఉన్నామని అనుమానం వస్తే సగంలో వదిలిన ఉత్తరాలు, డైరీలు, మధ్యలో ఆపేసిన సంభాషణలు ముందుగా పూర్తి చేయండి.

మూడు రకాలూ కాకపోతే, పజిలే అన్యాయమైనది కావచ్చు. 1999లో వచ్చిన గేబ్రియల్ నైట్ మూడో భాగంలో, మోజ్లీ అనే స్నేహితుడి పేరు మీద బండి అద్దెకు తీసుకోవడానికి నాయకుడు మారువేషం వేయాలి. అందుకు కొట్టం కంతకు టేపు అంటించి, అటుగా ఒక పిల్లిని తరిమి, టేపుకు అంటుకున్న వెంట్రుకలను మేపుల్ పాకంతో పెదవి పైన అతికించుకొని దొంగ మీసం చేసుకోవాలి. ఇంతా చేస్తే ఆ మోజ్లీకి మీసమే లేదు, అతని పాస్‌పోర్టు మీద కూడా మీసం గీయాలి! ఇలాంటి దాన్ని ఊహించలేకపోయినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

హింట్ తీసుకునే పద్ధతి

హింట్ చూడడం తప్పు కాదు, మోతాదు మించడమే నష్టం. 1980ల తొలినాళ్లలో ఇన్ఫోకామ్ అనే సంస్థ తన గేమ్‌ల కోసం అమ్మిన హింట్ పుస్తకాలలో జవాబులు కంటికి కనిపించని సిరాతో ముద్రించి ఉండేవి. ప్రత్యేకమైన మార్కర్‌తో రుద్దితేనే ఆ ఒక్క వాక్యం బయటపడేది. మొదటి వాక్యంలో చిన్న సూచన, రెండో దానిలో కాస్త పెద్దది, చివరి దానిలో జవాబు. 1988లో మొదలైన యూనివర్సల్ హింట్ సిస్టమ్ అదే పద్ధతిని కంప్యూటర్లోకి తెచ్చింది. మీ గేమ్‌కు అలాంటి మెట్ల హింట్లు దొరికితే వాటినే వాడండి, గేమ్ లోపలే హింట్ బటన్ ఉంటే ఇంకా మంచిది. వీడియో వాక్‌త్రూలు మాత్రం చివరి ఎంపికగా ఉంచుకోండి. మీకు కావలసిన పది సెకన్ల కోసం వెతుకుతుంటే పక్క గదిలోని శవమో, చివరి గదిలోని ముఖమో కంట పడి తీరుతుంది.

ఆ గేమ్ ఇదివరకే పూర్తి చేసిన స్నేహితులుంటే వారే అందరికంటే మంచి హింట్, అయితే అడిగే తీరు ముఖ్యం. ‘సొరుగు ఎలా తెరవాలి’ అని అడిగితే జవాబు చెప్పేస్తారు. ‘సొరుగు తెరవడానికి కావలసినవన్నీ నా దగ్గర ఉన్నాయా, ఇంకేదైనా గదికి వెళ్లాలా’ అని అడగండి. మీరు ఏ రకంగా ఆగిపోయారో తేలిపోతుంది, పజిల్ మాత్రం మీకే మిగులుతుంది. ఇద్దరూ కొత్తవారైతే కలిసి ఆడడం మరో దారి. 2022లో వచ్చిన ద పాస్ట్ విథిన్ అనే గేమ్‌ను ఒంటరిగా ఆడడం కుదరదు. ఒకరు గతంలో, మరొకరు భవిష్యత్తులో ఉండి, తమ తెర మీద ఉన్నది అవతలివారికి మాటల్లో చెప్పుకోవాలి. చూసింది చూసినట్టు, అనుకున్నది కలపకుండా చెప్పడం ఎంత కష్టమో మొదటి పది నిమిషాల్లోనే తెలిసివస్తుంది.

కథ ముగిశాక

పేర్లు పడుతున్నప్పుడే గేమ్ తీసేయకండి. చాలా గేమ్‌లలో పేర్ల తర్వాత మరో దృశ్యం ఉంటుంది. ఒకటికి మించి ముగింపులున్న గేమ్ అయితే, చివరి నిర్ణయానికి ముందు మీరు చేసి పెట్టుకున్న సేవ్ ఇప్పుడు అక్కరకు వస్తుంది, ఆట మొత్తం మళ్లీ ఆడకుండానే మిగతావి చూడవచ్చు. ఇక వాక్‌త్రూ కూడా నిశ్చింతగా తెరవవచ్చు. మీరు చూడకుండా వదిలేసిన గదులు, ఐచ్ఛికమైన ఉత్తరాలు ఏమేం ఉన్నాయో అందులో తెలుస్తుంది.

ఆ తర్వాత మొట్టమొదటి సేవ్ తెరిచి, మొదటి గదిలో మరో పది నిమిషాలు గడపండి. నోట్‌బుక్ మొదటి పేజీ పక్కన పెట్టుకొని ఒక్కో వస్తువు మీదా మళ్లీ క్లిక్ చేయండి. అప్పట్లో మామూలుగా అనిపించి దాటేసిన వాక్యాలలో కొన్నింటికి ఇప్పుడు వేరే అర్థం కనిపిస్తుంది. ఆ శానిటోరియం నర్సు మాటనే తీసుకోండి. ఆయన పోయాక గడియారాన్ని ఎవరో ముట్టుకున్నారని చెప్పింది సరే, గది లోపల జరిగిన ఆ సంగతి వరండాలో కూర్చున్న ఆమెకు ఎలా తెలిసిందో మొదటిసారి ఆడినప్పుడు మీరు అడగలేదు.